బాలశౌరి గారి ఒరిజినల్ లారీ

బాలశౌరి గారి దృష్టిలో ప్రపంచంలో ఉన్నవి రెండే రకాల వస్తువులు. ఒకటి ఒరిజినల్, రెండోది డూప్లికేటు. మొదటిదానికి ఆయన ప్రాణమిస్తారు. రెండోదాన్ని గుమ్మం తొక్కనివ్వరు.

ఆరేళ్ల కిందట ఆయనకి ముందు పన్నొకటి ఊడింది. భార్య హెలెన్ గారు పోరి పోరి బంజారా హిల్స్‌లో ఓ పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. "అచ్చం మీ పన్ను లాంటిదే పెడతానండీ" అన్నాడు డాక్టరు. "లాంటిదే అన్నారంటే అది కాదనేగా!" అని ఈయన కుర్చీలోంచి దిగి ఇంటికొచ్చేశారు. ఆ సందు ఇప్పటికీ అలాగే ఉంది.

"పన్ను ఆయనది, ఆయనిష్టం. నా మిక్సీ ఏం పాపం చేసిందండీ?" అని హెలెన్ గారు నా దగ్గర వాపోయారు. మిక్సీ గిన్నె మూత విరిగి నాలుగేళ్లయింది. ఆ కంపెనీవాళ్లు ఆ మూత చేయడం మానేశారు. వేరే కంపెనీ మూత ఈయన పెట్టనివ్వరు. "పళ్లెం అదిమిపెట్టి రుబ్బుతున్నా. మా వంటింటి గోడ చూస్తే వారం రోజుల్లో ఏమేం పచ్చళ్లు చేశామో చెప్పెయ్యొచ్చు" అన్నారావిడ.

నేను సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మేనేజర్ని. పాతకాలం కథలకి పాత సామాన్లు వెతికి తేవడం నా ఉద్యోగం. ఫిల్మ్ నగర్‌లో బాలశౌరి గారి లారీ కనబడని సినిమా లేదంటే అతిశయోక్తి కాదు, ఒకవేళ అయినా ఆయన ఎదుట అనకండి. డెబ్బై ఎనిమిది నాటి పొడుగు ముక్కు లారీ. "నట్టు కూడా మార్చలేదండీ, అంతా ఒరిజినల్!" అని నేను కిరాయికి అడగడానికి వెళ్లిన ప్రతిసారీ చెబుతారు. మొదటిసారి విన్నట్టు తలూపాలి. లేకపోతే మళ్లీ మొదటి నుంచి చెబుతారు.

స్టీరింగూ ఒరిజినలే. దాన్ని తిప్పడమంటే తిరగలిలో రాళ్లు విసరడమే. కండలు తిరిగిన ఓ కుర్ర హీరో సరదాపడి ఓ మలుపు తిప్పాడు. మర్నాటి షూటింగు రద్దయింది. అప్పటి నుంచి ఏ హీరో నడిపినట్టు తెరమీద కనిపించినా, లోపల హీరో చొక్కా తొడుక్కుని తిప్పేది రహమత్ నగర్ భిక్షమే. ముప్పై ఏళ్లుగా ఆ లారీకి ఆయనే డ్రైవరు. అరవై దాటాయి. "గీ బండి నా చెయ్యి దప్ప ఇంకోని మాట ఇనది సారూ" అని మీసం దువ్వుకుంటాడు.

మొన్న వేసవి ముందు ఓ సినిమాకి లారీ మాట్లాడదామని షేక్‌పేటలో మెకానిక్ ప్రేమ్ చంద్ షెడ్డుకి వెళ్లాను. భిక్షం మేనకోడలి పెళ్లికి నల్గొండ వెళ్లాడట. నేను ఎదురుగా టీ బండి దగ్గర బల్లమీద కూర్చుని గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, షెడ్డులోంచి లారీ బయటికొచ్చింది. నడుపుతున్నది సాక్షాత్తూ బాలశౌరి గారు.

"కుడికి కొట్టుండ్రి సార్, కుడికి!" అని ప్రేమ్ చంద్ అరిచాడు.

ఆయన కుడికే కొట్టారు. లారీ ఎడమకి తిరిగి నేరుగా నా మీదికొచ్చింది. నేను గోడెక్కాను. ఈ వయసులో నేను గోడెక్కగలనని ఆ రోజే తెలిసింది. బల్ల విరిగింది, లారీ ఆగింది.

"కుడికే తిప్పానండీ! ప్రభువు సాక్షి!" అంటూ దిగారు బాలశౌరి గారు.

ప్రేమ్ చంద్ తల గోక్కున్నాడు. "పాత చాసీకి కొత్త స్టీరింగ్ బాక్సు పడ్తలేదని జర మర్లేసి బిగించిన సార్. గిట్ల ఉల్టా తిరుగుతదని ఎవరికెరుక?"

కొత్త బాక్సు! నేను గోడ దిగి లారీ ముక్కు కిందికి వంగి చూశాను. కొత్త మోడల్ లారీలో ఉండే పవర్ స్టీరింగు. ఇంజనుకి బెల్టు తగిలించి పంపు, పంపు నుంచి నల్లటి పైపులు, పక్కన ఆయిల్ డబ్బా, అన్నీ తళతళలాడుతున్నాయి.

"బాలశౌరి గారూ! ఇది డూప్లికేటు కదండీ!"

ఆయన నా నోరు మూసినంత పని చేసి పక్కకి లాక్కెళ్లారు.

"మూడు నెలల నుంచి భిక్షం ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు త్రినాథరావు గారూ. కుడి చెయ్యి భుజం దాటి లేవట్లేదు. చెబితే బండి దింపేస్తానని భయం, అందుకే చెప్పడు. పోనీ నేనే అడిగానా, నీ చెయ్యి పనికిరాదన్నానని కుంగిపోతాడు. ముప్పై ఏళ్లు నా బండి తిప్పిన చెయ్యండీ అది."

"స్టీరింగు తేలికైతే కనిపెట్టడా? ఏమని చెబుతారు?"

"కొత్త గ్రీజు కొట్టించానంటాను. నమ్ముతాడు. నా నోట ఎన్నడూ అబద్ధం వినలేదు కదా!"

ఆ మనిషంటే నాకు ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది. ప్రేమ్ చంద్ బాక్సు సరిగ్గా తిప్పి బిగించాడు. బాలశౌరి గారు తన చేత్తో ఆ సామానంతటికీ తుప్పులా ఎర్రరంగు పూసి, రోడ్డుమీది మట్టి దోసిళ్లతో చల్లి పాతవాటిలా చేశారు. భిక్షం వచ్చాడు, గ్రీజు సంగతి విన్నాడు, "మంచిగైంది సారూ" అన్నాడు. అంతే.

రెండు నెలలకి షూటింగు మొదలైంది. "ఆయిల్ చుక్క తగ్గలేదండీ! డూప్లికేటైనా మంచిదే పడింది" అని బాలశౌరి గారు నా చెవిలో ఊదారు. ఆయన సంతోషం అట్టే నిలవలేదు. డైరెక్టరు అరవింద్‌కి ఓ ఆలోచన వచ్చింది.

"ఈ సీన్లో హీరో చేతులొద్దు, ఈ పెద్దాయన చేతులే క్లోజప్ తీద్దాం. బండితో కుస్తీ పడుతున్నట్టుండాలి. ఇంజను ఆపెయ్యండి, సౌండు తర్వాత వేసుకుందాం."

బాలశౌరి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. పంపు ఆగితే స్టీరింగు మళ్లీ రాయి. ఆ భుజం ఇక పనికిరాదు. ఆయన కెమెరాకి అడ్డంగా పరుగెత్తారు.

"ఇంజను ఆపడానికి వీల్లేదండీ! శబ్దం కూడా ఒరిజినల్ ఉండాలి!"

"సౌండు కాదు సార్, నాకు బొమ్మ చాలు."

"బొమ్మలో శబ్దం కనబడుతుందండీ!"

పది నిమిషాలు వాదించారు. చివరికి అరవింద్ దండం పెట్టి ఒప్పుకున్నాడు. ఇంజను నడుస్తుండగానే షాట్ మొదలైంది.

వేలితో తిరిగే స్టీరింగుని భిక్షం రెండు చేతులా పట్టుకున్నాడు. పళ్లు బిగించాడు. మెడ నరాలు తేలాయి. కడుపులోంచి మూలిగాడు. మేకప్‌వాళ్లు నీళ్లు చల్లకుండానే నుదుటిమీద చెమట పట్టింది.

"కట్! అబ్బ, ఎంత ఒరిజినల్‌గా ఉంది!" అన్నాడు అరవింద్.

"మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదండీ" అన్నారు బాలశౌరి గారు, కళ్లు తుడుచుకుంటూ.

టీ విరామంలో భిక్షం పక్కన కూర్చున్నాను. గ్లాసు ఆయన కుడి చేతిలో ఉంది.

"భుజం ఎలా ఉంది భిక్షం?" అన్నాను, నోరు జారి.

ఆయన అటూ ఇటూ చూసి నవ్వాడు. "మీకు గూడ ఎరుకేనా? గ్రీజు కొడితే స్టీరింగు గిట్ల తిరుగుతదా సారూ? ఇంజను బందు పెట్టంగనే మళ్ల బరువైతది. గప్పుడు గ్రీజు యాడికి పోతది? ముప్పై ఏండ్ల సంది నడుపుతున్న, గామాత్రం తెల్వదా?"

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్తం సారూ? జిందగీల ఒక్క డూప్లికేటు గూడ ముట్టని మనిషి, నా కోసం పెట్టిచ్చిండు. పెట్టిచ్చి మట్టి గూడ పూసిండు. గంత కష్టపడ్డంక నాకు తెల్సిందంటే మనసు నొచ్చుకోడా?" గొంతు తగ్గించాడు. "పైపు కాడ ఆయిల్ కారుతున్నది. వారం వారం నేనే పోస్తున్న. సారుకు జర చెప్పకుండ్రి."

ఇంతలో బాలశౌరి గారు నన్ను సైగ చేసి పిలిచారు.

"ఏమంటున్నాడండీ భిక్షం? ఏమన్నా అనుమానపడ్డాడా?"

"లేదండీ" అన్నాను. "గ్రీజు చాలా బాగుందంటున్నాడు. ఎక్కడ కొన్నారో కనుక్కోమన్నాడు."

బాలశౌరి గారు పన్నులేని సందు మొత్తం కనబడేలా నవ్వారు.