మెక్సికోకు పర్మిట్

భిలాయి ఉక్కు కర్మాగారంలో ప్రమాదం ఉన్న ఏ పనైనా, సేఫ్టీ విభాగం వాళ్లు వచ్చి అన్నీ చూసి, కాగితం మీద సంతకం పెట్టాకే మొదలవ్వాలి. ఆ కాగితాన్ని పర్మిట్ అంటారు. అప్పలకొండ గారు ఉద్యోగమంతా ఆ సంతకాలు పెట్టడంలోనే గడిపారు. అంతకంటే ఎక్కువగా, పెట్టకపోవడంలో గడిపారు. రిటైరైన రోజు శాలువా కప్పి, గోడగడియారం చేతికిచ్చి ఇంటికి పంపించారు గాని, పర్మిట్ ఇచ్చే అధికారాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరికీ తోచలేదు. ఆయన దాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నారు.

అప్పటినుంచి మరోదా సెక్టార్‌లోని ఆ ఇంట్లో అటక మీంచి గిన్నె దించాలంటే ముందు స్టూలు కాళ్లు తనిఖీ కావాలి. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించాలంటే పక్కన ఇసుక బకెట్ ఉండాలి. కుక్కర్ కూత వేస్తే ఆయన వంటింటి గుమ్మం అవతల నిలబడి, లోపలున్న వాళ్లందరినీ బయటికి రమ్మని కేకేసేవారు. లోపలుండేది ఒక్కరే, ఆయన భార్య రజనీకుమారి. ఆమె వచ్చేది కాదు.

రజనీకుమారికి పవర్ హౌస్ మార్కెట్లో రంగుల దుకాణం ఉంది. ఆ ఏడాది ఆమె చుట్టుపక్కల గోడలకు ఎంత పుట్టీ పట్టించిందంటే, పుట్టీ కంపెనీ వాళ్లకే ఆశ్చర్యం వేసింది. ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీ ఏటా విదేశానికి తీసుకెళ్తుంది. ప్రతిసారీ బ్యాంకాకే కావడంతో డీలర్లకు అది పక్కనున్న రాయ్‌పూర్‌తో సమానమైపోయింది; అందుకని ఈసారి మెక్సికోలో కాన్కున్ అన్నారు. కంపెనీ కుర్రాడు సునీల్ మిఠాయి డబ్బాతో వచ్చి, "సముందర్ ఏక్‌దమ్ నీలా, ఆంటీజీ!" అని చెప్పి, భార్యాభర్తలు ఇద్దరూ వస్తేనే టిక్కెట్లని, శుక్రవారంలోగా పాస్‌పోర్టులు ఇవ్వాలని చల్లగా చెప్పాడు. పాస్‌పోర్టులు అప్పలకొండ గారి బీరువాలో ఉన్నాయి. తాళం కూడా ఆయన దగ్గరే ఉంది.

ఆమెకు ఒక కోరిక ఉండేది. సముద్రంలో మెడదాకా దిగాలి. విశాఖ వెళ్లిన ప్రతిసారీ ఆయన చీలమండ దాటనివ్వలేదు. అది నిజంగానే మనుషుల్ని లాగేసే సముద్రం కాబట్టి ఆమె వాదించలేదు. కాని చీలమండలు తడుపుకుంటూనే అరవైకి దగ్గరపడింది.

అప్పలకొండ గారు రెండ్రోజులు ఫోన్లో మెక్సికో చూశారు. ఈయనకు ఏం కావాలో ఫోన్ తొందరగానే గ్రహించి, ముఠాలు, తుపాకులు, రోడ్డు మీద మండుతున్న లారీలు అడక్కుండానే తెచ్చి చూపించింది.

"రజనీ, పర్మిట్ నేదు," అన్నారు భోజనం దగ్గర.

"ఏటండీ నేదు?"

"మెక్సికో. పట్టపగలే కాల్చుకుంటన్నారు. ఇదిగో, చూడు."

"ఇది ఏ ఊరు?"

"మెక్సికో."

"మెక్సికో దేశమండీ. ఊరేటని అడుగుతున్నాను."

"దేశమే ఇలగుంటే ఊరెలాగుంటాదే?"

ఆమె మజ్జిగ పోసింది. ఆయన చాలన్నాక కూడా పోసింది.

గురువారం సాయంత్రం పాలకొండ నుంచి చిన్నారావు ఫోన్ చేశాడు. రజనీకుమారి తమ్ముడు, అక్కడ ఎరువులు అమ్ముతాడు. అక్కను భిలాయికి ఇచ్చి ఇన్నేళ్లయినా ఒక్కసారీ వచ్చిన పాపాన పోలేదు. వచ్చే నెల దుకాణంలో పూజకు రమ్మని ఆమె అంతకుముందే పిలిచి ఉంది. చేతికి చపాతీ పిండి అంటుకుని ఉండటంతో ఇప్పుడు స్పీకర్ పెట్టింది.

"అక్కా, నాను రానేనే. టీవీలో చూపించినారు. మీ ఛత్తీస్‌గఢ్‌లో మళ్లీ కాల్పులంట గదా. మా ఆవిడ ఒద్దంటంది."

అప్పలకొండ గారు హాల్లోంచి లేచి వచ్చి ఫోన్ అందుకున్నారు.

"ఒరే చిన్నారావు! అది బస్తర్‌రా బాబూ! ఆ అడవులెక్కడ, మేమెక్కడ? రాష్ట్రం పేరొకటైతే ఊళ్లన్నీ ఒకటైపోతాయేటి? ఇక్కడ జనం పొద్దున్న డ్యూటీకెల్తారు, సాయంత్రం పానీపూరీ తింటారు. ఏ ఊరో కనుక్కోకుండా దడుసుకోడమేట్రా? దిమాగ్ ఉందా నీకు?"

"అది కాదు బావా," అన్నాడు చిన్నారావు వినయంగా. "రాష్ట్రమే అలగుంటే ఊరెలాగుంటాది?"

అప్పలకొండ గారు ఫోన్‌ను పిండి పళ్లెం పక్కన పెట్టేశారు. వంటింట్లో అప్పడాల కర్ర చప్పుడు ఆగింది. రజనీకుమారి ఏదైనా అనుంటే ఆయన దానికి బదులు చెప్పి నెగ్గుకొచ్చేవారు. కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ పూట ఆయన మెక్సికో పటాన్ని కర్మాగారం పటంలా ముందు పెట్టుకున్నారు. బొగ్గు కాల్చే కోక్ ఒవెన్లలో విషవాయువు ఉందని క్యాంటీన్లో టీ తాగడం ఎవరూ మానుకోరు. ముఠాలు కొట్టుకుంటున్న సినలోవా రాష్ట్రం పడమటి కొసన ఉంది. కాన్కున్ తూర్పు కొసన. భిలాయికి శ్రీనగర్ కూడా అంత దూరంలో లేదు. అమెరికావాళ్లు మెక్సికో వెళ్లే తమ ప్రజలకు దేశమంతటికీ ఒకే మాట చెప్పరని, రాష్ట్రం రాష్ట్రానికి వేరుగా చెబుతారని కూడా తెలిసింది. ఒకప్పుడు గొప్పవాళ్లు షికారుకెళ్లిన అకపుల్కో ఉన్న రాష్ట్రానికి అసలు వెళ్లొద్దన్నారు. కాన్కున్ పొరుగు రాష్ట్రం యుకతాన్‌కు మామూలు జాగ్రత్త చాలన్నారు. కాన్కున్‌కు మరికాస్త జాగ్రత్తగా వెళ్లమన్నారు. ఈ చివరి మాట ఆయనకు నచ్చింది. ప్రమాదమే లేని చోటు ఉందంటే ఆయన నమ్మరు. అక్కడ తనిఖీ సరిగ్గా జరగలేదని అర్థం.

శుక్రవారం పొద్దున్న పర్మిట్ మంజూరైంది, షరతులతో. దారిన పోయే టాక్సీ ఎక్కకూడదు. హోటల్‌వాళ్లు పిలిచిందే ఎక్కాలి. చీకటి పడ్డాక ఊరు దాటకూడదు. కుళాయి నీళ్లు తాగకూడదు. జెండా చూడకుండా సముద్రంలో దిగకూడదు. గంజాయి కొనకూడదు.

"గంజాయి నేనెందుకు కొంటానండీ?"

"షరతు షరతే."

కాన్కున్‌లో ఆయనను మొదట కలవరపెట్టినది తుపాకులు పట్టుకుని ఇసుకలో నడుస్తున్న జవాన్లు. పక్కనే పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టుకుంటున్నారు. కాసేపు చూసి, మన రైల్వే స్టేషన్లో కూడా ఇంతే కదా అనుకుని సర్దుకున్నారు. ఆయన మనసు దోచుకున్నది మాత్రం ఒడ్డున జెండాల స్తంభం. ఆకుపచ్చ అయితే దిగొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే మహా ప్రమాదం, నలుపు అయితే మూసేసినట్టే. ఒక దేశం మీద ఆయనకు గౌరవం పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? తక్కిన డీలర్లందరికీ ఆ స్తంభాన్ని విడివిడిగా చూపించారు.

మొదటి రెండ్రోజులూ ఎర్రజెండానే. రజనీకుమారి ఒడ్డున కుర్చీలో కూర్చుంది. సునీల్ చెప్పినట్టే నీళ్లు ఏక్‌దమ్ నీలంగా ఉన్నాయి. ఆమె అడగలేదు. చీలమండలైనా తడుపుకోలేదు. రెండోరోజు సాయంత్రానికి ఆ జెండాను ఆయన కూడా కోపంగా చూడటం మొదలుపెట్టారు.

చివరిరోజు పసుపు జెండా ఎగిరింది. ఆమె లేచి నిలబడింది. ఆయన జెండాను, ఈతగాళ్లను కాచే కాపలావాడి మంచెను, కెరటాలను, మళ్లీ జెండాను చూశారు.

"నడుందాకా," అన్నారు.

"మెడదాకా."

"పసుపు, రజనీ. నడుం చాలు."

"పుట్టీ ఎవరమ్మేరండీ?"

ఆయన ఆలోచించారు. "సరే, మెడదాకా. ఒక్కదానివీ దిగకూడదు. పక్కన మనిషుండాలి."

పక్కన మనిషి ఆయనే. ఈత రాదు. కాపలావాడికి ఎదురుగా చోటు ఎంచి, ఆమె చెయ్యి పట్టుకుని దిగారు. నీళ్లు ఆమె మోకాళ్లు దాటాయి, నడుం దాటాయి, మెడదాకా వచ్చాయి. "ఓలమ్మా!" అంది రజనీకుమారి. అని, షరతుల్లో లేని పని చేసింది. ముక్కు మూసుకుని బుడుంగున మునిగింది. ఆయన వెర్రికేక పెట్టి వంగేలోపు ఓ కెరటం ఆయన మొహాన్నే కొట్టింది. ఆమె నవ్వుతూ లేచింది. ఆయన కళ్లజోడు మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే చిన్నారావు ఫోన్ చేశాడు.

"బావా, బాగా వచ్చేరా? అక్కడేటీ జరగనేదు గదా?"

"కళ్లజోడు పోయింది."

"ఓర్నాయనో! దొంగలా?"

"కెరటంరా. ఆ సంగతొదిలీ. పూజకొస్తన్నావా?"

అవతల చిన్నారావు ఎవరికో యూరియా బస్తాల లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.

"నాను పర్మిట్ ఇస్తన్నానురా. బయల్దేరు."

వంటింట్లోంచి రజనీకుమారి గొంతు పెంచింది. "ఒరే చిన్నా, ముందే చెప్తున్నాను, షరతులుంటాయి. దార్లో గంజాయి కొనకు!"