గొంతు లేని రోజుల్లో ఒట్టోమన్లు

మిర్యాలగూడలో మాది రైస్ మిల్లు ఇల్లు. మిల్లు నడుస్తుంటే పక్కనున్న మనిషికి వినబడాలన్నా అరవాల్సిందే. అందుకే మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు. నేను ఎం.ఏ. హిస్టరీ చదువుతానన్నప్పుడు నాన్న, "సచ్చిన రాజుల ముచ్చట మనకెందుకు బిడ్డా" అన్నాడు కానీ ఫీజు కట్టడం ఆపలేదు. తర్వాత కోదాడలో మేనమామ కొడుకునే పెళ్లి చేసుకున్నాను. బావకు అక్కడ ఎరువుల దుకాణం ఉంది. నేను సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ప్రపంచ చరిత్ర చెబుతాను. పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొస్తాను.

మా క్లాసు గది రోడ్డు వైపు ఉంటుంది. లారీ హారన్ల మీదుగా వెనక బెంచీ దాకా వినబడాలంటే మిల్లులో పుట్టిన గొంతే కావాలి. ఇన్నేళ్లూ రోమునూ మంగోలులనూ ఆ గొంతుతోనే లేపాను, ఆ గొంతుతోనే కూల్చాను.

మొన్నటి వానాకాలంలో అది బొంగురుపోయింది. జలుబనుకున్నాను. అత్తమ్మ మిరియాల పాలు ఇచ్చింది, శొంఠి కషాయం ఇచ్చింది. వానలు పోయి చలి మొదలైనా గొంతు తేరుకోలేదు. క్లాసులో వెనక నుంచి "ఇనొస్తలేదు మేడం" అనడం రోజూ మామూలైంది. చివరికి బావ దుకాణం మూసి మరీ నన్ను సూర్యాపేటలో గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, లోపలిదంతా తెర మీద చూపించింది. తెల్లగా కదులుతున్న రెండు పొరల్లో ఒకదాని అంచున ఎర్రగా కందిగింజంత గడ్డ ఉంది. ఆపరేషన్ చేసి తీసేయాలని, తీసినదాన్ని పరీక్షకు పంపాలని చెప్పింది. ఏం పరీక్ష అని మేము అడగలేదు. మా పెద్దనాన్న గొంతు కేన్సర్‌తోనే పోయాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ కిటికీ వైపు చూస్తూ, "నువ్వేం మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఆయన కూడా అదే అనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

ఆపరేషన్ తేలిగ్గానే అయిపోయింది. ఆ తర్వాతే కష్టం మొదలైంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దంది. గుసగుస అసలే వద్దు, దానివల్ల గొంతుకు ఇంకా చెరుపంది. గడ్డ ముక్కను హైదరాబాద్ ల్యాబ్‌కు పంపారు, రిపోర్టు రావడానికి టైం పడుతుందన్నారు.

నేను నోరు మూసుకుంటే ఇల్లంతా నోరు మూసుకుంది. అత్తమ్మ సైగలు చేసేది. మిర్యాలగూడ నుంచి మా అన్నయ్య వచ్చి నా మంచం పక్కన కూర్చుని, నిద్రపోయే పసిపిల్ల దగ్గర కూర్చున్నట్టు గుసగుసగా మాట్లాడాడు. మిల్లులో హమాలీలను ఆ చివరి నుంచి ఈ చివరికి పిలిచే మనిషి అలా మాట్లాడుతుంటే నాకు భయం ఇంకా ఎక్కువైంది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉందని మా పిల్లల పలక మీద రాసి బావకు చూపించి, కాలేజీకి పోవడం మొదలుపెట్టాను. ప్రిన్సిపల్ గారు కూడా పిల్లలతో చదివిస్తే చాలన్నారు.

అప్పటికి ఆఖరి పాఠం మిగిలి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంతో కూలిపోయిన రాజవంశాల పాఠం అది. రష్యాలో రోమనోవులు, ఆస్ట్రియాలో హాబ్స్‌బర్గులు, జర్మనీ కైజరు వంశం, టర్కీలో ఒట్టోమన్లు. బోర్డు మీద పేర్లు రాసి తలా ఒకటి పంచాను. కింద "మీరు చెప్పండి, నేను వింటాను" అని రాశాను.

మొదట్లో లేచినవాళ్లందరూ గైడు చూసి గడగడా చదివి కూర్చున్నారు. ఆపి ప్రశ్న అడగడానికి నాకు నోరు లేదు. హాబ్స్‌బర్గుల వంతు మఠంపల్లి దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిది. అంతవరకు ఆ పిల్ల క్లాసులో గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. లేచి నిలబడింది, గైడు తెరిచింది, ఏమనుకుందో మళ్లీ మూసి బెంచీ మీద పెట్టింది.

"గీళ్లు యుద్ధాలు చేసి గెలిచినదానికంటే పెండ్లిళ్లు చేసి కలుపుకున్నదే ఎక్కువ మేడం" అంది. "ఆస్తి బయటికి పోవద్దని మనకాడ మేనరికాలు చేస్కుంటరు సూడుండ్రి, గట్లనే. చేస్కొని చేస్కొని స్పెయిన్ల గీళ్ల ఇంటి ఆఖరి రాజుకు దవడ గింత పొడుగొచ్చింది. బువ్వ నమలరాకపోయేది. పిల్లలు గాలే. గాడికి స్పెయిన్ల ఆ ఇంటి రాజ్యం ఖతం."

క్లాసంతా నవ్వింది. నవ్వుతూనే ఒకరొకరుగా నా వైపు చూశారు. నన్ను తీసుకెళ్లడానికి బావ ఎప్పుడైనా వచ్చినప్పుడు నేను ఆయన్ని బావా అని పిలవడం వాళ్లు విన్నదే. ఆ పిల్లకు ఆలస్యంగా వెలిగింది, నాలుక కరుచుకుంది. నాకు నవ్వడానికి కూడా పర్మిషన్ లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కన్నీళ్లొచ్చేదాకా లోపల్లోపలే నవ్వాను. మా పిల్లలిద్దరి దవడలూ బాగానే ఉన్నాయని చెప్పాలని ఎంత అనిపించిందో. సాయంత్రం ఇదంతా రాసి చూపిస్తే బావ అద్దం దగ్గరికి పోయి దవడ తడుముకున్నాడు. ఆపరేషన్ తర్వాత మా ఇంట్లో మనుషులు బయటికి వినబడేలా నవ్వింది ఆ రోజే.

ఆ తర్వాత గైడు ఎవరూ తీయలేదు. ఒకడు రష్యా రాజు కథను వాళ్ల ఊరి దొర గడీ కథలా చెప్పాడు. ఇన్నేళ్లూ నేను చెప్పేటప్పుడు వీళ్ల మనసులో ఏం నడిచేదో నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు వింటుంటే, రిపోర్టు సంగతి క్లాసు జరిగినంతసేపూ మరిచిపోయేదాన్ని.

ఒట్టోమన్ల రోజున చెప్పాల్సిన అబ్బాయి రాలేదు. అందరూ తండా అమ్మాయి వైపే చూశారు. ఆమె సిగ్గుపడుతూ లేచింది.

"ఆరు వందల ఏండ్లు ఏలిన్రు మేడం. ఆఖరి సుల్తాన్ పోయేటప్పుడు ముంగటి దర్వాజ నుంచి కూడ పోలే. పక్క దర్వాజ నుంచి అంబులెన్సుల కూసోని పోయి, తెల్లోళ్ల ఓడెక్కిండు. అందరు పాపం అంటరు గని, నాకైతే ఆయన ఓడల కూసున్నంక జర ఊపిరి పీల్చుకున్నడేమో అనిపిస్తది. రష్యాల ఇంటిల్లిపాదిని కాల్చిన్రు గదా. ఈయనకు రాజ్యం పోయింది గని పానం దక్కింది."

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అప్పుడే సంచిలో ఫోను వణికింది. బావ. మాట్లాడలేనని తెలిసీ ఆయన ఫోన్ చేశాడంటే సంగతి ఒక్కటే. వరండాలోకి వెళ్లి చెవి దగ్గర పెట్టుకున్నాను. దుకాణం ముందు ట్రాక్టరు చప్పుడు వినబడుతోంది. గోడకు ఆనుకున్నాను.

"రిపోర్టు వచ్చింది" అన్నాడు బావ. "ఏమీ లేదంట. మామూలు గడ్డేనంట. డాక్టరమ్మ ఫోన్‌లో నాకు చదివి వినిపించింది. విన్నావా?"

ఫోను మీద గోటితో కొట్టాను. వినలేదేమోనని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మళ్లీ కొట్టాను. అయినా మళ్లీ చెప్పాడు.

లోపలికి వచ్చేసరికి పిల్లలందరూ లేచి నిలబడి ఉన్నారు. కిటికీలోంచి చూసినట్టున్నారు. ఆపరేషన్ సంగతి వాళ్లకు తెలుసు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద, "రిపోర్టు వచ్చింది. భయం లేదు" అని రాశాను. అక్షరాలు పక్కకు ఒరిగాయి. ఎవరో పైకి చదివారు. చప్పట్లు కొట్టలేదు, అరవలేదు, కూర్చున్నారంతే. తండా అమ్మాయి కళ్లు తుడుచుకుని, "మేడం, ఇగ చెప్పాల్నా, ఆపాల్నా?" అని అడిగింది. చెప్పమని చేత్తో చూపించాను. కుర్చీలో కూర్చుని టర్కీ ఎలా రిపబ్లిక్ అయిందో మొత్తం విన్నాను. అంత ప్రాణం తేలికపడి పాఠం విన్నది నా జన్మలో లేదు.

ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసి ఎంత గట్టిగా అరిచాడంటే, ఫోను దూరంగా పెట్టుకుని వినాల్సి వచ్చింది. నాకు అది బాగుంది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ మళ్లీ గొట్టం వేసి చూసి, మెల్లగా "ఆ" అనమంది. వచ్చింది. సన్నగా, ఎవరిదో కొత్త మనిషి గొంతులా ఉంది. రోజూ కొంచెం కొంచెం పెంచుకొమ్మని, క్లాసులో చిన్న మైకు పెట్టుకొమ్మని చెప్పింది. బయటికొచ్చాక బావ, ఏదైనా ఒక మాట అనమని చిన్నపిల్లాడిలా వెంటపడ్డాడు. ఇన్ని రోజులు దాచుకున్న మాటలు చాలానే ఉన్నాయి. నోరు తెరిస్తే ముందు వచ్చింది మాత్రం, "ఆకలైతుంది బావా."

ఆయన రోడ్డు పక్కన హోటల్‌కు తీసుకెళ్లాడు. వడ్డించే అతన్ని పిలిచి పప్పు ఇంకాస్త వేయమని నేనే అడిగాను. అతను ఒక్కసారికే విని గరిటె తెచ్చాడు.