జవాబు రాని మూడు చీటీలు

ఆసుపత్రి లిఫ్టు మెకానిక్‌కు ఒక పట్టింపు ఉండేది. బాగుచేసిన లిఫ్టులో ముందు తానే ఎక్కి, పై అంతస్తు దాకా వెళ్ళొచ్చాకే ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారే తప్పాడు. ఆ రోజే లిఫ్టు రెండంతస్తులు జారింది, వార్డులు ఊడ్చే ఆయమ్మ కాలు విరిగింది.

బ్రేకు అరిగిపోయిందని అంతకుముందే మూడు చీటీలు రాసిచ్చాడు. మేనేజరు మూడూ బుట్టదాఖలు చేశాడు. లిఫ్టు ఆపేస్తే, "పెద్దవాళ్ళొస్తున్నారు, నడిపించవయ్యా" అని ప్రాణం తీశాడు. విసుగెత్తి ఇతను స్విచ్ వేశాడు. తాను ఎక్కి చూడలేదు.

ఇప్పుడేమో విచారణ కాగితం. ఇంగ్లీషులో 'రెస్పాన్సిబుల్' అన్న గడిలో ఇతని పేరు ఒక్కటే ముందే టైపు చేసి పెట్టారు. సంతకం పెడితే ఉద్యోగం ఊడుతుంది. ఇంటికొచ్చి, అన్నం వడ్డిస్తున్న అక్క ముందు ఆ కాగితం విసిరికొట్టాడు. అక్క అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది.

"నన్ను దోషిని చేశారే!"

"ఆ మాటకర్థం దోషి కాదురా." అక్క లావుపాటి డిక్షనరీ తీసింది. "లాటిన్ నుంచి వచ్చింది. మాటకు మాట ఇవ్వడం, బదులు చెప్పడం. అంటే అడిగినప్పుడు జవాబు చెప్పాల్సినవాడు. మనం జవాబుదారు అంటామే, అలాగే."

"అడిగింది నేను! మూడుసార్లు! నోరు విప్పనిది వాడు!"

"వాడు చెప్పాల్సిందే. మరి ఆయమ్మ నిన్నడిగితే?"

అతనికి అక్క మీద ఒళ్ళు మండింది. నిజం చెప్పినందుకు మరీ మండింది. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ సాయంత్రమే ఆయమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, తప్పు ఒప్పుకుని, తిట్లన్నీ తిన్నాడు.

మర్నాడు విచారణలో చీటీల కార్బన్ కాపీలు బల్ల మీద పరిచాడు.

"చూసుకోకుండా స్విచ్ వేసింది నేను. దానికి జవాబు నాది. వీటికి జవాబెవరిది సార్?"

మేనేజరు నీళ్ళు తాగాడు. కిటికీలోంచి చూశాడు. మళ్ళీ నీళ్ళు తాగాడు.

"ఆ గడిలో ఇంకో పేరు పట్టేంత చోటుంది. రాయండి, అప్పుడు సంతకం పెడతాను," అన్నాడు మెకానిక్.

విచారణ చేసేవాళ్ళు మేనేజరు పేరూ రాశారు, ఇతను సంతకం పెట్టాడు. ఇతని ఉద్యోగం పోయింది. మేనేజరుకు బదిలీ అయింది. బదిలీ! శిక్షట అది!

కొత్త బ్రేకు బిగించిన రోజు ఎవరూ పిలవకుండానే మెకానిక్ ఆసుపత్రికి వెళ్ళాడు. లిఫ్టెక్కి పై అంతస్తు దాకా వెళ్ళి దిగి వచ్చాడు. కింద చేతికర్రతో నిలబడి ఉన్న ఆయమ్మకు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఇప్పుడెక్కమ్మా."

"నువ్వూ రా," అంది ఆయమ్మ, కోపం తగ్గకుండానే.