బాబిన్ టీచరు పెట్టించిన కంపెనీ

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు బాబిన్ టీచరు. కుట్టుమిషన్లో దారం చుట్టే బాబిన్‌లా పొట్టిగా, గుండ్రంగా ఉండి, ఒక్కచోట నిలవకుండా క్లాసంతా గిరగిరా తిరుగుతుందని అలా పిలిచేవారు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం కూడా టీచరు పనుల్లో ఒకటని ఆవిడ లెక్క. పెళ్లికి ముందు రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టింది. పెళ్లయ్యాక ఇంట్లో మిషను పెట్టుకుని ఇరుగుపొరుగు బట్టలు కుట్టింది. ఆ తర్వాత ఈ ప్రైవేటు స్కూల్లో కుట్ల టీచరుగా చేరింది. చేరిన రోజు నుంచీ టెంపరరీయే. ఏటా సెలవుల ముందు వెళ్లి అడిగితే యజమాని "చూద్దాంలెండి" అనేవాడు. ఆ చూడటమేదో మరుసటి ఏడాదికి వాయిదా పడేది. భర్త పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడ్డాక ఆయన ఇంట్లో కూర్చుని పేపర్లో అచ్చుతప్పులు ఏరుకునేవాడు. ఇల్లు ఆవిడ జీతం మీదే నడిచేది.

ఒక ఏడాది యజమానికి ఏదో సదస్సులో జ్ఞానోదయమైంది. పిల్లలు గుండీలు కుట్టుకోవడం నేర్చుకుంటే ఏమొస్తుంది, నాయకత్వం నేర్చుకోవాలి. పెద్దయ్యాక ఉద్యోగాలు వెతుక్కోవడమెందుకు, ఇప్పటినుంచే ఉద్యోగాలిచ్చేవాళ్లు కావాలి. అదీ మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా. మూడో తరగతి వాళ్లకి ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయి, షూ లేసులు ఎవరో ఒకరు కట్టాలి. అయినా సరే, ఉద్యోగాలిచ్చి తీరాల్సిందే. టైంటేబుల్లో కుట్ల పీరియడ్ పోయి కంపెనీ పీరియడ్ వచ్చింది.

"ఇవన్నీ నాకేం తెలుసు సార్?" అంది ఆవిడ.

"పుస్తకం ఇస్తాం కదమ్మా. పిల్లల చేత ఒక కంపెనీ పెట్టించండి. ఏడాది చివర తల్లిదండ్రుల ముందు వాళ్లే దాని గురించి చెప్పాలి. ఆ ఒక్కరోజు గట్టెక్కించండి చాలు, మిమ్మల్ని పర్మినెంటు చేసే పూచీ నాది."

ఇంటికొచ్చి భర్తతో అంది: "ఇన్నాళ్లూ సూదిలో దారం ఎక్కించాను. ఇప్పుడు పిల్లల్లో నాయకత్వం ఎక్కించాలట."

"కొస తడిపి ఎక్కించు. త్వరగా దిగుతుంది," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

నవ్వింది గానీ, పనిలోకి దిగాక తల ప్రాణం తోకకొచ్చింది. గుడ్డ సంచుల కంపెనీ పెట్టించింది. కత్తిరించేవాళ్లు, కుట్టేవాళ్లు, అమ్మేవాళ్లు అని పిల్లల్ని పంచింది. కంపెనీకి పెద్ద ఎవరంటే అందరూ క్లాసులో ఎప్పుడూ అరుస్తుండే గోలగాణ్ణి చూపించారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆరో తరగతిలో ఒక పిల్ల ఉంది. పాఠం అప్పజెప్పితే పక్క బెంచీకి కూడా వినపడదు, అందుకే ఆ పిల్లని అంతా గుసగుస అనేవారు. సంచీ ఎక్కడ చినుగుతుందో, ఎవరి కుట్టు వదులో ఒక్క చూపులో పట్టేసేది. పెద్దరికం ఆ పిల్లకే ఇచ్చింది ఆవిడ.

ఇక మాట తెప్పించాలి. పిల్లని గది ఆ చివర నిలబెట్టి, తను ఈ చివర మిషను తొక్కుతూ, "ఈ చప్పుడు దాటి నీ మాట నాకు వినపడాలి," అనేది. మొదట్లో పెదాలు కదలడమే కనిపించేది. పిల్ల ఏడ్చేది, ఆవిడ కళ్లు తుడిచి మళ్లీ నిలబెట్టేది. మాట తడబడితే తను పెదాలతో అందించేది. వానాకాలం వెళ్లేసరికి ఆ గొంతు మిషన్ని దాటి వరండాలోకి పోయింది. సొంత బిడ్డ అడుగులేసినా అంత సంబరపడి ఉండదు.

పుస్తకంలో ఉన్నదీ నమ్మకంగానే నేర్పింది. ప్రతి పనినీ ఇది అవసరమా అని అడగాలి, మొహమాటపడితే కంపెనీ మునుగుతుంది. పిల్లలు ఎక్కంలా వల్లించారు. పుస్తకంలో లేని నియమం ఒకటి ఆవిడే పెట్టింది. ఉపన్యాసంలో చివరి భాగం, అంటే వచ్చే ఏడాది ఏం చేస్తారన్నది, పిల్లలే ఆలోచించి రాసుకోవాలి. తను చూడదు. "నేను దిద్దితే అది నా మాటవుతుంది, మీది కాదు," అంది. ఆ మాట అన్నందుకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో.

ఆ రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో యజమాని. గుసగుస మైకు ముందు నిలబడి గడగడా చెప్పుకుపోయింది. పక్క తలుపు దగ్గర టీచరు చెవులు రిక్కించి వింటోంది.

"వచ్చే ఏడాది మేం సంచులు కుట్టం. కుట్టడానికే ఎక్కువ టైం పోతోంది. ఆ పని బయట ఇస్తే చవగ్గా అవుతుంది. మిషన్ల గదిలో షాపు పెట్టుకోవచ్చు. అప్పుడు మన స్కూలుకి కుట్టు నేర్పే టీచర్..."

మాట ఆగిపోయింది. పిల్ల మొహం పాలిపోయింది. అలవాటు కొద్దీ తలుపు వైపు చూసింది.

మిగతా మాట ఏమిటో టీచరుకు తెలుసు. తను నేర్పిన మాటే. మొహం తిప్పుకుంటే చాలు, ఆ మాట అక్కడే చచ్చేది. పిల్ల కూడా అంతమందిలో తలొంచుకుని మళ్లీ పాత గుసగుస అయిపోయేది. ఆవిడ పెదాలు కదిపింది.

"అవసరం ఉండదు," అంది పిల్ల, ఆఖరి వరస దాకా వినపడేట్టు. హాలంతా చప్పట్లు.

యజమాని గదిలోకి పిలిచి తెగ మెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి తను అనలేక మొహమాటపడుతున్న మాట ఆరో తరగతి పిల్ల అనేసిందన్నాడు.

"పర్మినెంటు చేస్తానన్నారు సార్."

"పిల్లల నిర్ణయాన్ని మనమే గౌరవించకపోతే ఇంక నాయకత్వం ఏం నేర్పినట్టమ్మా?"

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. విసురుగా మిషన్ల గదికి వచ్చేసింది. కత్తెరలు సర్దుకుంటుంటే గుసగుస పరుగెత్తుకొచ్చింది.

"బాగా చెప్పానా టీచర్?"

"చాలా బాగా చెప్పావు."

"మీరు కోపం తెచ్చుకోలేదు కదా? నేనన్నది కుట్టు టీచర్ని. మీరు కంపెనీ టీచర్ కదా."

ఆవిడ పిల్ల తల నిమిరి పంపేసింది.

బడి మళ్లీ తెరిచాక ఆవిడకి కబురు రాలేదు. కంపెనీ పీరియడ్‌కి టై కట్టుకున్న సారొకాయన వచ్చాడని విన్నది. కొన్నాళ్లకి గుసగుస, వెనకే గోలగాడు, గుడ్డల మూట మోసుకుని ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆవిణ్ణి చూడగానే పిల్ల మొహం వెలిగింది. అంతలోనే సర్దుకుని నిటారుగా నిలబడింది.

"ఆంటీ, ఈ సంచులు శుక్రవారానికి కావాలి. అంచు రెండు మడతలు వెయ్యాలి. వంకర కుట్టుంటే వెనక్కి ఇచ్చేస్తాం."

వీధిలోకి వినపడేంత స్పష్టంగా చెప్పింది. ఆవిడ మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ఉండిపోయింది. పిల్ల ఒక అడుగు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"పని ఇచ్చేచోట టీచర్ అని పిలిస్తే బేరం తెగదని సార్ చెప్పారు."

"నిజమేనమ్మా," అని ఆవిడ చేతులు చాచి మూట అందుకుంది. "మీ సార్ బాగా నేర్పుతున్నారు."