నాలుగడుగుల దూరం

కెమెరా షాపు కౌంటరు వెనక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, దూరపు బొమ్మని దగ్గరికి లాగడానికి లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించే టెలీకన్వర్టర్లు రెండింటిని మెత్తటి గుడ్డ మీద పక్కపక్కనే పెడతాడు. ఒకటి కెమెరా కంపెనీదే. రెండోది సగం ధరకొచ్చే బయటి కంపెనీది. ఏది మేలని అడిగితే చాలు, అరిగిపోయిన రికార్డే: "నాలుగడుగులు ముందుకెళ్ళండి సార్, రెండూ అక్కర్లేదు." అమ్ముకునేవాడు అనాల్సిన మాటేనా అని యజమాని నెత్తి కొట్టుకుంటాడు.

మొన్నొకాయన వచ్చి, రెండూ మార్చి మార్చి బిగించి, గుమ్మంలోంచి ఎదురు మేడ మీది పావురాన్ని ఫొటో తీసి చూసుకున్నాడు. స్టేడియంలో వాళ్ళమ్మాయి పరుగు పందెం తియ్యాలట. పెద్దాయన నవ్వాడు. "తండ్రినంటే ముందు వరసలో కూర్చోనిస్తారుగా! నాలుగడుగులు..."

"నేనొస్తున్నట్టు దానికి తెలీదండీ," అన్నాడాయన లెన్సు మూత తిప్పుతూ. "వాళ్ళమ్మా నేనూ విడిపోయాక నాతో మాట్లాడదు. నన్ను చూస్తే పరుగు తడబడుతుంది. ఎప్పుడూ చివరి వరసే నాది."

పెద్దాయన కళ్ళజోడు దించుకుని, కెమెరా కంపెనీదాన్ని ఎత్తి గాజు రెండువైపులా తుడిచాడు. "ఇది తీసుకోండి. పరిగెత్తే మనిషిని వదిలిపెట్టదు."

ఇప్పుడెవరైనా ఏది మేలని అడిగితే, "ఎంత దూరం నుంచండీ?" అని మాత్రం అడుగుతాడు.