కొత్త పెన్సిల్ తోక

త్రిభుజం లోపల వృత్తం గీయడం మా అమ్మాయికి క్వార్టర్లీలో కుదరలేదు, హాఫియర్లీలోనూ కుదరలేదు. వృత్తం రెండు భుజాలను తాకేది, మూడోదాన్ని ఎరగనట్టు ఊరుకునేది. రోజూ గీసి గీసి, అరిగిపోయిన ఒక పెన్సిల్ ముక్కతో ఎలాగో దాన్ని దారికి తెచ్చుకుంది.

పబ్లిక్‌లో లెక్కల పరీక్ష రోజు పొద్దున్న తండ్రిగా నా వంతు నేను చేశాను. ఆ ముక్క తీసేసి, దేవుడి దగ్గర బొట్టు పెట్టిన కొత్త పెన్సిల్‌ని జామెట్రీ బాక్సులో ఉంచాను.

మునగపాక దాటాక షేర్ ఆటోలో నా భక్తి బయటపడింది. కంపాసుకి బిగించిన కొత్త పెన్సిల్ దాని తలను దాటి బెత్తెడు పైకి లేచింది. అమ్మాయి తిప్పబోతే అరచేతికి తగిలి, కంపాసు కాళ్లు జరిగిపోతున్నాయి. పరీక్ష అట్ట మీద వృత్తానికి బదులు కోడిగుడ్డు పడింది.

"ఆటో కుదుపమ్మా" అన్నాను.

చెరకు ట్రాక్టర్ అడ్డమొచ్చి ఆటో ఆగింది. మళ్లీ గీసింది. ఆగిన ఆటోలోనూ గుడ్డే.

"పాత ముక్కేది నాన్నా?" బాక్సంతా వెతికింది.

గేటు మూసే వేళ దగ్గర పడుతోంది. వృత్తానికి కేంద్రం సంగతి తర్వాత, ముందు మేము పరీక్షా కేంద్రం చేరాలి. పెన్సిల్ విరవబోయాను.

"వద్దు! లోపల ములుకు కూడా విరిగిపోద్ది!"

ఎదురుగా చేపల బేసిన్ పెట్టుకుని కూర్చున్న మామ్మ, "ఏటైందమ్మా?" అంది.

"పెన్సిల్ పొడుగైపోయింది మామ్మా."

"ఓసి, అంతేనా? ఇటియ్యి." గోనెసంచిలోంచి కత్తి తీసింది. "సెప్పు, తల కొయ్యాలా, తోకా?"

"తోకే! తల జాగ్రత్త!"

బేసిన్ మూత మీద పెన్సిల్ ఆనించి కత్తి పెట్టింది. అప్పుడే ట్రాక్టర్ కదిలింది. వెనక లారీ హారన్ మోగించింది.

"ఒరే బాబూ, కదిలేవంటే నీ పని సెప్తాను!" అని ఆటో డ్రైవర్ మీద అరిచి, కత్తిని నొక్కింది. తోక నా ఒళ్లో పడింది.

అమ్మాయి కోసిన పెన్సిల్‌ని బిగించి గీసింది. గీత మొదలైన చోటికే వచ్చి ఆగింది. మామ్మ వంగి చూసింది.

"పరీచ్చకెల్తూ సున్నా సుట్టుకుంటారేటి!"

సగం మూసిన గేట్లోంచి దూరి లోపలికి పరిగెత్తింది మా అమ్మాయి. పరీక్ష అయ్యేదాకా నేను బయట తోక పట్టుకుని నిలబడ్డాను. వచ్చాక అడిగే ధైర్యం చాలక, మంచినీళ్ల సీసా అందించాను.

తాగి, మూతి తుడుచుకుంది. "తాకింది నాన్నా, మూడు పక్కలా. ఇన్విజిలేటర్ గారే, చేపల వాసన ఎక్కడిదా అని నా బెంచీ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు."