పద్దెనిమిది దాటిన హిమోగ్లోబిన్

2022 వానాకాలం. మహారాష్ట్ర అంచున, గోదావరి ఒడ్డు సిరోంచలో, బస్టాండు వెనక సందులో నా ల్యాబ్. ఒక మైక్రోస్కోపు, రక్తకణాలు లెక్కపెట్టే ఒక మెషీను, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఒక ఫ్యాను. నాగపూర్‌లో డిప్లొమా చేసి వచ్చినవాణ్ని కాబట్టి బోర్డు మీద పేరు కాస్త పెద్దగానే రాయించుకున్నాను.

మా వైపు జనానికి రక్తం తక్కువ. ఎర్రకణాలు వంకరపోయి విరిగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్న ఇళ్లకు కొదవ లేదు. హిమోగ్లోబిన్ ఎనిమిదంటే ఎవరూ ఉలిక్కిపడరు. పన్నెండంటే ఇంటికెళ్లి చెప్పుకుంటారు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రిపోర్టులో తక్కువున్న అంకె చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుడతాను. చదువు రానివాళ్లు కూడా సున్నా కనబడితే డాక్టరు దగ్గరికి వెళతారు, లేకపోతే ఇంటికి వెళతారు. ఎక్కువున్న అంకెకు గుర్తు పెట్టాలని తోచలేదు. ఎక్కువున్నవాడు వస్తే కదా!

వచ్చాడు. రేగుంట రైతు రాజలింగు, నలభై ఆరేళ్లు, భార్య సమ్మక్కతో. పడుచుతనంలో గవదబిళ్లలు వచ్చి వృషణాలు దెబ్బతిన్నాయట. ఏళ్ల తరబడి నీరసం. గోదావరి అవతల పట్నంలో డాక్టరు పరీక్షలు చేసి, మగవాళ్ల హార్మోన్ టెస్టోస్టెరాన్ మరీ తక్కువగా ఉందని మూడు వారాలకొక ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. మూడు నెలలకు సీబీసీ, అంటే రక్తకణాల పూర్తి లెక్క, చేయించుకుని రమ్మని చీటీ రాశాడు.

నేను సూది గుచ్చుతుంటే సమ్మక్క మొదలుపెట్టింది.

“జర చూడు తమ్మీ, ఈ వయసుల మొటిమలు లేస్తున్నయ్. మొకం గిట్ల ఎర్రగైంది. గురక వెడితే పక్కింటోళ్లు లేస్తున్నరు.”

“తలకాయ గూడ బరువుగుంటాంది,” అన్నాడు రాజలింగు. “అయితేంది? ఇన్నేండ్లకు కూలోళ్ల కన్న ముందు మడిల దిగుతున్న.”

“ఊకె నా మీద కస్సుమంటుండు గూడ.”

“అది సూది మీద వెయ్యకు వదినా, పాత బీమారే అది,” అన్నాను. ముగ్గురం నవ్వాం.

మెషీను హిమోగ్లోబిన్ 18.9 అంది. హెమటోక్రిట్ 57. రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే లెక్క అది, గంజిలో మెతుకులెన్నో చెప్పినట్టు. మగవాడికి యాభై దాటితే ఎక్కువేనని చదువుకున్నాను. ఈ ఇంజెక్షన్ ఎర్రకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరచగలదని, యాభై నాలుగు దాటితే సూది ఆపి చూడాలని తర్వాత తెలిసింది. మెషీను పొరబడిందేమోనని రెండోసారి నడిపాను. అవే అంకెలు. అంతవరకు బాగానే చేశాను. ఆ తర్వాత నోరు తెరిచాను.

“అన్నా, నీ రక్తం సగం తాలూకాకు పంచొచ్చు. ఒక్క సున్నా లేదు.”

“అంటే మంచిగున్నట్టేనా?”

“మంచిగనా? అందరు నీ లెక్కుంటే నేను దుకాణం బందు వెట్టుకోవాలె.”

“అయితే నాట్లయినంక పోదాం తియ్యి డాక్టర్ దగ్గరికి,” అంది సమ్మక్క. “ఇప్పుడు కూలోళ్లు దొరుకుడే పరేషానైతాంది.”

నేను కాదనలేదు.

పది రోజులకు, ఊళ్లో సూదులు వేసే అతను తేదీ తప్పకుండా ఇంకో ఇంజెక్షన్ వేశాడు. ఆ తర్వాత వారానికి రాజలింగు మడిలో నారుకట్ట అందుకోబోయి, చెయ్యి లేవక, బురదలో కూర్చుండిపోయాడు. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మెదడుకు వెళ్లే నాళంలో రక్తం గడ్డకట్టింది.

పట్నం డాక్టరు నా రిపోర్టు చూసి ఫోన్ చేశాడు. “ఆయనకు బీపీ కూడా ఉంది. దీనివల్లేనని తేల్చి చెప్పలేను. ఈ అంకె అప్పుడే చూసుంటే మాత్రం సూది ఆపేవాణ్ని,” అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక రేగుంట వెళ్లాను. రాజలింగు మంచం మీద ఉన్నాడు. సమ్మక్క చెంచాతో జావ పోస్తోంది. నేను దారి పొడుగునా కూడబలుక్కున్నది చెప్పకముందే ఆమె అంది:

“నువ్వు మంచిగనే చెప్పినవు తమ్మీ. నాట్లయినంక పోదామన్నది నేను. నేనే పోనియ్యలె.”

“కాదు వదినా. ఆ రక్తం మంచిగ లేకుండె. బాగ చిక్కగైంది. మెషీను చెప్పింది, నేనే చెప్పలె.”

ఆమె గిన్నె కింద పెట్టింది. కొంగుతో రాజలింగు మూతి తుడిచింది.

“నవ్వినం గద ఆ దినం,” అంది. “ముగ్గురం నవ్వినం.”

రాజలింగు నా వైపు చూసి ఏదో అనబోయాడు. పెదవి ఒక పక్కే కదిలింది.

ఇప్పుడు ఎక్కువైనా తక్కువైనా, హద్దు దాటిన అంకెను చీటీ రాసిన డాక్టరుకు నేనే ఫోన్ చేసి చెబుతాను. ఈ ఇంజెక్షన్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లను తలబరువు, గురక, కాళ్లవాపు ఉన్నాయా అని అడిగి రాసి పంపుతాను. మూడు నెలల పరీక్షకు నాట్లు అడ్డం రాకూడదని కూడా చెబుతాను. అందరికీ ఎండిపోయే ఊళ్లో ఒకడికి పొంగితే అది వరమనుకున్నాను. నేర్చుకున్నది అంతే. దానికి రుసుము వేరేవాళ్లు కట్టారు.

రాజలింగు రక్తం ఇప్పటికీ నేనే తీస్తాను, వాళ్లింటికి వెళ్లి, ఎడమ చేతి నుంచి. సూది ఆపేశాక తగ్గుతూ వచ్చి, మొన్న హిమోగ్లోబిన్ పద్నాలుగు వచ్చింది.

“ఎట్లున్నది?” అంది సమ్మక్క.

“పద్నాలుగు. డాక్టర్‌కు పంపిన.”

డాక్టరు ఫోన్ వచ్చేదాకా ఆమె నన్ను గుమ్మం దాటనివ్వలేదు. నేనూ కూర్చున్నాను.